నల్ల బద్దలతో మొఘల్‌పురా దాకా

రాజమండ్రిలో నాది పటాలు కట్టే దుకాణం. నా దగ్గరికి ఎక్కువగా రెండు రకాల పటాలే వస్తాయి. దేవుళ్ళవి, పోయినవాళ్ళవి. దేవుడికి బంగారు రంగు బద్ద, పోయినవాళ్ళకి నల్ల బద్ద. ఈ రెండింటి మధ్య ఎప్పుడైనా ఒక పెళ్ళి ఫోటో, ఒక డిగ్రీ పట్టా. పటం చేతికి రాగానే దానికి ఏ బద్ద పడుతుందో చెప్పేస్తాను. వెనక్కి తెచ్చి మార్చమన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

అందుకే స్వరూప ఫోన్లో తన బొమ్మ ఫోటో పంపి, "బాబాయ్, దీనికి నువ్వే వచ్చి కట్టాలె" అన్నప్పుడు ఒక్క చూపులో తేల్చేశాను. సన్న నల్ల బద్ద, చుట్టూ ఖాళీ అంచు వదలక్కర్లేదు.

స్వరూప రెండేళ్ళు మా ఊళ్ళో ఒక బడిలో డ్రాయింగు టీచరుగా చేసింది. మా మేడ మీద గదిలోనే అద్దెకుండేది. సొంతూరు హైదరాబాదు పాతబస్తీ, ఛత్రినాక. తరతరాలుగా బర్రెల్ని పెట్టుకుని ఇంటింటికీ పాలు పోసిన కుటుంబం. ఇప్పుడు ఉద్యోగం మానేసి బొమ్మలే వేస్తోంది. మొఘల్‌పురాలో ఒక పాత ఇంట్లో ఒక గదంతా ఆ ఒక్క బొమ్మకే ఇచ్చారట.

ఆ బొమ్మలో ఏముందంటే ఏమీ లేదు. తెల్లటి తెలుపు. నడిమికి కాస్త కింద, కుడిపక్కన, జొన్నరొట్టెంత ఒక మసక మరక. మా ఆవిడ ఫోన్ని అటూ ఇటూ తిప్పి, "ఇందులో బొమ్మ ఏదీ?" అంది. "దీపం కొండెక్కిన తర్వాత గోడ మీద మిగిలే మసి అది. దుఃఖం," అన్నాను. మా ఆవిడ నా మొహం చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను నిలువెత్తు నల్ల బద్దలు నాలుగు గోనెపట్టాలో చుట్టుకుని రైలెక్కాను.

దబీర్‌పురా

కాచిగూడలో దిగి ఎంఎంటీఎస్ పట్టుకుంటే దబీర్‌పురాకి ఐదు రూపాయలు. మా ఊళ్ళో ఐదు రూపాయలకి షేరాటో ఎక్కనివ్వరు, కిందనుంచి చూడనిస్తారంతే. రైల్లో నా బద్దలు ముగ్గురి మోకాళ్ళకి, ఒకాయన టిఫిను క్యారియరుకి తగిలాయి. ఎవరూ విసుక్కోలేదు. ఆ క్యారియరు పెద్దమనిషే స్టేషన్లో నాకంటే ముందు దిగి బద్దల రెండో కొస పట్టుకున్నాడు.

ఆటో అన్న పేరు సలీం. నా మూట చూసి, "చాచా, గవి లోపట పెట్టు. ఎవలకన్న కన్నుల గుచ్చుకుంటయ్" అన్నాడు. పెట్టాను. అయినా జానెడు బయటికి వచ్చాయి. మీరాలం మండీ దాటాక ఒక దుకాణం ముందు వేలాడుతున్న పచ్చ దుపట్టా ఆ జానెడుకీ చిక్కుకుని మాతో పాటే బయలుదేరింది. దుకాణదారు పరుగెత్తుకొచ్చాడు. మా ఊళ్ళో అయితే ఈపాటికి నలుగురు మూగి, నా వంశవృక్షం విప్పేవారు. ఈయన దుపట్టా విడదీసుకుని, చిరగలేదని చూసుకుని, "పసందొస్తే అడగొచ్చు గదా, గిట్ల గుంజుకపోతవా?" అని నవ్వాడు. నేను సిగ్గుపడి మా ఆవిడకి అదే దుపట్టా కొన్నాను. రెండొందల యాభై చెప్పి రెండొందలకిచ్చాడు. ఆమె దాన్ని ఇప్పటికీ వేసుకోలేదు.

టీకి ఆగినప్పుడు సలీంకి ఫోన్లో బొమ్మ చూపించాను. ఇలాంటివి ఎవరికైనా చూపించి నా తీర్పు చెప్పడం నాకు సరదా. సలీం ఫోను తీసుకుని చొక్కా కొసతో గట్టిగా తుడిచి, మళ్ళీ చూశాడు.

"మరక పోతలేదు చాచా."

"అది బొమ్మలోదే."

"అచ్ఛా," అని ఫోను తిరిగిచ్చి, "మరి గంత సాఫ్ జాగల గొక్క మరక ఎందుకు ఇడిసిపెట్టిండ్రు?" అన్నాడు.

దుఃఖం వల్ల, అన్నాను. సలీం తలూపాడు. ఒప్పుకున్నట్టు కాదు, ఎక్కిన మనిషితో వాదన ఎందుకన్నట్టు.

మొఘల్‌పురా

ఆ ఇంటి పెద్దదిక్కు నూర్ ఖాలా. ఖాలా అంటే పిన్ని, పెద్దమ్మ. ఆ గల్లీలో వయసుతో పనిలేకుండా అందరికీ ఆమె ఖాలాయే. ఇంటి నడుమ ఆకాశం కనిపించే పెద్ద వాకిలి, చుట్టూ గదులు. ఏడాదికోసారి ముందు గదులు ఖాళీ చేయించి బొమ్మలవాళ్ళకి ఇస్తుంది.

బద్దలు ఆ వాకిట్లో దింపి గదిలోకెళ్ళాను. బొమ్మ ఫోటోలో కన్నా పెద్దది. మనిషెత్తు, రెండు చేతులు చాచినంత వెడల్పు. గోడకి అందరి బొమ్మల్లాగే కళ్ళ ఎత్తున మేకుకి వేలాడుతోంది. దాని ముందు నిలబడగానే మాటలు ఆగిపోయాయి. నా విషయంలో అది చెప్పుకోదగ్గ సంగతే.

నేను పటాన్ని ముందు వెనక నుంచి చూస్తాను. అది మా వృత్తి అలవాటు. ముందువైపు అందరికీ చెప్పేదే చెబుతుంది. తిప్పి చూస్తే గుడ్డ వెనక మరక ఇంకా పెద్దదిగా, జిడ్డుగా ఉంది. రంగు కాదు, నూనె. అంచు దగ్గర తెలుపు కూడా రంగు కాదు, సున్నం. పొర మీద పొర వేసింది. నూనె ప్రతి పొరలోంచీ పైకి ఊరింది.

"ఏమనిపిస్తున్నది బాబాయ్?" స్వరూప గుమ్మంలో నిలబడి అడిగింది.

"దుఃఖం. ఇంట్లోనే చెప్పాను."

"గట్లనా," అంది.

ఖాలా నా వెనకే వచ్చింది. "దుఃఖమెందుకు భాయ్‌సాబ్? నాకైతే చాంద్ రాత్ లెక్క కొడుతది. అందరం మిద్దె మీద నిలబడి చూస్తుంటం. చాంద్ ఇంకా రాలే. గప్పటి ఆస్మాన్ ఇది." ఆమెకది రంజాన్ నెలవంక కోసం ఎదురుచూపు. సంతోషం తలుపు అవతల ఉన్నట్టు. నేను మర్యాదకి తలూపాను గానీ, నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

మధ్యాహ్నం ఖాలా అన్నం పెట్టింది. ఖట్టీ దాల్, వేయించిన మాంసం. ఆ పప్పులో చింతపండు పులుపు అచ్చంగా మనదే, పోపు మాత్రం పరాయిది. మా వైపు అతిథి కంచంలో చాలన్నదాకా వేస్తారు. ఇక్కడ చాలన్న తర్వాత మొదలుపెడతారు. చేతులు కడుక్కునేటప్పుడు స్వరూప అసలు సంగతి చెప్పింది.

వాళ్ళన్న మల్లేశ్. తల్లీతండ్రీ లేని పిల్లని పెంచినవాడు. స్వరూప మా ఊళ్ళో ఉన్న రోజుల్లోనే ఆయన బర్రెలన్నీ అమ్మేశాడు. గడ్డి దొరకదు, నీళ్ళు చాలవు, చుట్టూ ఇళ్ళు లేచి వాసనంటూ రోజూ తగువు. సెలవులకి వెళ్ళిన స్వరూప ఖాళీ కొట్టం చూసి, ఒక్కదాన్నయినా ఉంచకపోయినవా అని ఏడ్చి పోట్లాడింది. తర్వాత సర్దుకున్నారు. ఇప్పుడీ బొమ్మ ఫోటో బస్తీలో ఫోన్లన్నీ తిరిగింది. తెల్ల గోడ, ఖాళీ జాగా, నూనె మరక. చెల్లెలు తన ఖాళీ కొట్టాన్ని బొమ్మ వేసి లోకానికి చూపించిందని మల్లేశ్ మాటలు మానేశాడు.

"మా ఇంట్ల ఏ పని మొదలువెట్టినా అన్ననే కొబ్బరికాయ కొట్టాలె," అంది స్వరూప. "ఎల్లుండి మంది చూసేతందుకు గీ గది తలుపు తెరవాలె. ఆయన రాకపోతే నేను తెరవ."

"అది కొట్టం కాదని చెప్పొచ్చుగా?"

"నేను చెప్తే మాఫీ అడిగినట్టయితది. ఆయనే చూడాలె."

ఆ పిల్ల నాకు కూతురిలాంటిది. పిలవని పెద్దరికం నెత్తినేసుకోవడం నాకు పాత జబ్బు. మర్నాడు ఛత్రినాక వెళతానని అక్కడే చెప్పేశాను.

ఛత్రినాక

లాల్ దర్వాజా మీదుగా నడిచే వెళ్ళాను. బోనాలు వెళ్ళి ఇంకా నెల కాలేదు. ఇళ్ళ గోడలింకా కొత్త సున్నంతో, గడపలు పసుపుతో మెరుస్తున్నాయి. మావైపు సంక్రాంతికి ముందు చేసే పని వీళ్ళు ఆషాఢంలో చేస్తారు. దారిలో ఒకామె రోడ్డు పక్క సర్వపిండి కాలుస్తోంది. బియ్యప్పిండి రొట్టె, నువ్వులు, పల్లీలు, మధ్యలో వేలితో పెట్టిన చిల్లులు, చిల్లుల్లో నూనె. ముప్ఫై రూపాయలు. చట్నీ అడిగితే, "గిండ్లనే అన్నీ ఉన్నయ్ బాపు, మళ్ల చట్నీ ఏంది?" అంది. నిజమే, అన్నీ ఉన్నాయి.

మల్లేశ్ పాత కొట్టం ముందు భాగంలో పాలు, పెరుగు అమ్ముతాడు. వెనక భాగం మోటారు సైకిళ్ళు పెట్టుకోవడానికి అద్దెకిచ్చాడు. మధ్యాహ్నం బేరం లేని వేళ, గల్లా వెనక నేల మీద గోనెసంచి వేసుకుని గోడకి ఒరిగి కూర్చున్నాడు. నలభై దాటి ఉంటాయి. నూనె పెట్టి నున్నగా దువ్విన జుట్టు.

"మల్లేశ్ గారేనాండి?" అన్నాను.

"మల్లేశ్‌నే. గారు గీరు ఏం లేదు," అన్నాడు. ఎక్కడినుంచి వచ్చానో చెప్పగానే మొహం మారింది. "స్వరూప పంపిందా?"

"లేదు. నేనే వచ్చాను."

"బొమ్మ ముచ్చటయితే వద్దు పెద్దాయన. ఎండల వచ్చినవ్, మజ్జిగ తాగు, పో." లేవకుండానే లోపలికి కేకేశాడు. కోపంగా ఉన్నవాడు కూడా ముందు మజ్జిగ పోసే ఊరది.

నేను ఎదురుగా పీట మీద కూర్చున్నాను. మాట్లాడకుండా కూర్చుంటే ఎదుటివాడే మాట్లాడతాడు. దుకాణంలో నేర్చుకున్నాను.

"మంది ఏమంటుండ్రో ఎర్కేనా?" అన్నాడు కాసేపటికి. "బర్లు అమ్ముకొని తిన్నడు, చెల్లె బొమ్మేసి ఇజ్జత్ తీసిందంటుండ్రు. ఎద్దు పుండు కాకికి నొప్పా? వాళ్ల సంగతి ఇడిసిపెట్టు. నా చెల్లెకు ఎర్కలేదా నేను ఎట్ల అమ్మిననో? లారీ ఎక్కిస్తుంటే నల్లబర్రె ఎనకకు తిరిగి నన్నే చూసింది. రొండు నెలలు నాకు నిద్ర లేదు. గా నూనె మరక ఏందనుకున్నవ్? సదర్ పండుగకు బర్లకు నూనె రాసి నున్నగ మెరిపిస్తం. గవి గోడకు రుద్దుకుంటె గట్లనే పడుతది."

ఆయన చెప్పింది వింటే నిజమే అనిపించింది. నా దుఃఖం తీర్పుకి ఇంకో సాక్షి దొరికినట్టయింది. నల్ల బద్దే ఖాయమనుకున్నాను.

అప్పుడు మల్లేశ్ భార్య మజ్జిగ చెంబుతో వచ్చింది. నాకు చెంబిచ్చి, మొగుడి వైపు చూసి, "మళ్ల ఒరిగినవా గోడకు? బోనాలకు సున్నమేసి నెల గాలే. ఏసుడే మాకు పని, నూనె తలకాయ పెట్టుడే నీకు పని" అని లోపలికి పోయింది. ఈ తిట్టు మా ఇంట్లోనూ ఉంది. తెలుగు దేశమంతా ఉంటుందనుకుంటాను.

"ఇంతకుముందు స్వరూప తిట్టేది, ఇప్పుడు ఈమె," అంటూ మల్లేశ్ సిగ్గుగా నవ్వాడు. "చిన్నప్పుడు కొట్టానికి సున్నమేసుడు దాని పని. పాలు పిండి వచ్చి నేను గోడకు ఒరిగి చాయ్ తాగితే మస్తు లొల్లి చేసేది. అన్నా, గోడ అన్నా, అని." నా మజ్జిగలో ఉప్పు తక్కువైందేమోనని డబ్బా అందుకోవడానికి లేచాడు.

ఆయన లేచాక గోడ కనిపించింది.

తెల్లటి గోడ. కింద, కూర్చున్న మనిషి తల ఎత్తున, జొన్నరొట్టెంత మసక మరక. ఒక పక్క ముదురుగా, ఇంకో పక్క కరిగిపోతూ. నేను ముందురోజు బొమ్మలో ఈ మరక ముందే నిలబడ్డాను. వెనక్కి తిప్పి కూడా చూశాను. బర్రె డొక్క రుద్దుకుంటే మరక పొడుగ్గా, గీతలా పడుతుంది. ఇది గుండ్రం. ఇది తల.

వదిలించుకోవాలనుకున్న మరక మీద మనం ఇంకో పొర వేసి దాన్ని చంపేస్తాం. ఈ పిల్ల ప్రతి పొర తర్వాతా మరక మళ్ళీ పైకి తేలేదాకా ఆగింది. అందులో బర్రెలు లేవు, నింద లేదు. తెల్లవారుజామున పాలు పిండి వచ్చి చాయ్ తాగుతున్న అన్న ఉన్నాడు. రోజూ తిట్టిన తిట్టు ఉంది. నా తీర్పు తప్పని అంత హాయిగా ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఆ మాటలన్నీ నాలుక చివరికి వచ్చాయి. కానీ ఆయనే చూడాలని స్వరూప చెప్పింది గదా. నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని పని, అయినా మూసుకున్నాను. ఫోన్లో బొమ్మ తీసి గోడ పక్కన, మరకకి ఆనించి పట్టుకున్నాను.

మల్లేశ్ ఉప్పు డబ్బాతో నిలబడి ఫోన్ని చూశాడు, గోడని చూశాడు. చెయ్యి వెనక్కి పోయి తన తలని తడుముకుంది.

"రేపేనండి, మొఘల్‌పురాలో బొమ్మ గది తలుపు తెరిచేది. కొబ్బరికాయ కొట్టాలట," అన్నాను.

"పొద్దుగాల పాలు పొయ్యాలె," అన్నాడు గోడవైపే చూస్తూ. వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు. మజ్జిగకి డబ్బు తీసుకోలేదు.

మళ్ళీ మొఘల్‌పురా

పొద్దున్నే వెళ్ళి బొమ్మని మేకు మీంచి దింపేశాను.

"క్యా కర్‌రే?" అంటూ ఖాలా వచ్చింది.

"కింద పెడుతున్నానమ్మా. నేలకి ఆనించి."

"అందరూ వంగి చూడాలెనా? నా ఇంటికొచ్చినోళ్లను నేను వంగబెడతనా?"

"వంగక్కర్లేదు, కూర్చుని చూస్తారు. గోడకి ఒరిగే మనిషి నేల మీదే కదా కూర్చునేది."

ఖాలా మరకని చూసింది, నన్ను చూసింది. ఏమర్థమైందో గానీ లోపలికి వెళ్ళి ఒక పాత చాప తెచ్చి బొమ్మ ముందు పరిచింది. స్వరూప తలుపు దగ్గర నిలబడి అంతా చూస్తోంది. "బద్ద కట్టవా బాబాయ్?" అని మెల్లగా అడిగింది.

"గోడకి బద్ద ఎవడు కడతాడే," అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. రాజమండ్రి నుంచి మోసుకొచ్చిన నల్ల బద్దలో రెండు ముక్కలు కోసి, చెమ్మ తగలకుండా బొమ్మ కింద పెట్టాను. మిగతావి ఖాలా పరదాలకి తీసుకుంది.

చూడ్డానికి వచ్చినవాళ్ళు వాకిట్లో నిండారు. ఖాలా షర్బత్ తిప్పింది, రెండోసారి కూడా తిప్పింది. తలుపు మూసే ఉంది. స్వరూప గల్లీ వైపు చూడనట్టు నటిస్తూ గల్లీనే చూస్తోంది. "ఇంక తెరవరాదమ్మా," అన్నారెవరో. "మా అన్న రాలే," అంది.

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కొబ్బరికాయ, తలకి అప్పుడే పెట్టిన నూనె. గడప ముందుకొచ్చి నిలబడ్డాడు. ఖాలా తన రోటి బండ తానే తెచ్చి గడప ముందు పెట్టింది. ఒక్క దెబ్బకి కాయ రెండు చెక్కలైంది. స్వరూప తలుపు తీసింది.

మల్లేశ్ నిలబడి చూసిందేమీ లేదు. నేల మీదున్న బొమ్మ దగ్గరికి నేరుగా వెళ్ళి, వెనక్కి తిరిగి, చాప మీద మఠం వేసుక్కూర్చున్నాడు. తల సరిగ్గా మరక ముందుకి వచ్చింది. మెడ మాత్రం నిటారుగా బిగబట్టుకున్నాడు, గుడ్డకి బెత్తెడు దూరంలో. పిల్లాడిలా భయంగా చెల్లెలి వైపు చూశాడు.

ఖాలా ఏదో అనబోయింది. నేను వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాను.

"ఒరుగన్నా," అంది స్వరూప. "సున్నం మళ్ల నేనేస్త తియ్యి."

మల్లేశ్ ఒరిగాడు.